సీటు ప్రాక్టీసు

శనివారం మధ్యాహ్నం ఆ ఇంటి కర్టెన్లు మూసి ఉంటే, అంతా భోంచేసి కునుకు తీస్తున్నారనుకునేవారు ఇరుగుపొరుగు. కునుకూ లేదు, గినుకూ లేదు. లోపల భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు గోడవైపు తిరిగి వరసగా ఉండేవి. రెండు కుర్చీల్లో ఇద్దరు పిల్లలు కాళ్ళు వేలాడేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ కూర్చుని ఉండేవారు. వాళ్ళ ఎదురుగా నిలబడి వాళ్ళ అమ్మ కోతి చేష్టలు చేస్తూ ఉండేది. దానికి ఆ ఇంట్లో పేరు సీటు ప్రాక్టీసు.

ఆరేళ్ళ చిట్టికీ, నాలుగేళ్ళ బుడ్డోడికీ నియమాలు కంఠతా వచ్చు. హాల్లో మాట్లాడకూడదు. లేవకూడదు. ముందు సీటుని తన్నకూడదు. దాహం వెయ్యకూడదు. పాస్ వస్తే ఇంటర్వెల్ దాకా బిగబట్టుకోవాలి. నియమాలు చెప్పడం వరకూ ఏ తల్లయినా చెబుతుంది. ఈ తల్లి అక్కడితో ఆగలేదు, పరీక్షలు కూడా పెట్టింది. వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి ధడాలున కింద పడేసేది. "ఒరే బుడ్డోడా, నీ భుజం మీద బల్లిరా!" అనేది. బిస్కెట్ ప్యాకెట్టు వాళ్ళ చెవి దగ్గరే చింపి, "ఎవరికి కావాలి?" అని తేనె పూసినట్టు అడిగేది. అన్నిటికంటే ఘోరమైనది చివర్లో వచ్చేది. "అబ్బ, అయిపోయింది. ఇంక మాట్లాడుకోవచ్చు" అని నిట్టూర్చి కుర్చీలో కూలబడేది. మొదట్లో పిల్లలిద్దరూ దానికి బోల్తాపడి కేరింతలు కొట్టేవారు. "దొరికిపోయారు!" అనేది. మళ్ళీ మొదట్నుంచీ కూర్చోవాలి. బయట వెలుతురు కళ్ళబడేదాకా ఎవరు చెప్పినా నమ్మకూడదు, అమ్మ చెప్పినా సరే నమ్మకూడదు, అదీ రూలు.

కొన్నాళ్ళకి చిట్టి ఆరితేరింది. పళ్ళెం పడ్డా రెప్ప వాల్చేది కాదు. పైగా పక్కన తమ్ముడు నవ్వబోతే మెల్లిగా వాడి తొడ గిల్లేది.

ఆ కోతి చేష్టలు ఆవిడకి అంత బాగా ఎలా వచ్చాయంటే, పెళ్ళికి ముందూ పెళ్ళయ్యాక కొంతకాలమూ ఆవిడ పని అదే. పిల్లల నాటకాలు వేసే ఒక బృందంలో నక్క వేషం ఆవిడదే. గంట కట్టుకున్న మేక, ఆ గంట కొట్టెయ్యాలని చూసే నక్క, ఇదే కథ. ఆ వేషం ఎంతగా అతుక్కుందంటే బృందంలో చిన్నా పెద్దా అందరూ ఆవిడని నక్కా అనే పిలిచేవారు, ఆవిడ పలికేది. చిట్టి కడుపులో పడ్డాక తోక కట్టుకునే బెల్టు నడుముకి పట్టడం మానేసింది. "కాన్పయ్యాక రా, చూద్దాం" అన్నాడు బృందం నడిపే మాస్టారు. కాన్పయింది, పాలు మాన్పించడమయింది, బుడ్డోడు కూడా పుట్టాడు. ఆవిడ రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. మాస్టారు ప్రతిసారీ "చూద్దాం" అనే అన్నాడు. అప్పటికే అక్కడ ఇంకో నక్క గెంతుతోంది.

మొగుడికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఆవిడకి తిట్టుకోడానికైనా ఓ మనిషి ఉండేవాడు. నాటకానికి తీసుకెళ్తే ఆయన వేషాలు చూడడు, ఎవరి జోడు ముక్కు మీంచి జారుతోందో చూస్తాడు. పెళ్ళాం ఇంట్లో కూర్చుని దిగులు పడుతోందని కనిపెట్టి ఆయనే ఓ దారి చెప్పాడు. "నెలకో ఆదివారం పిల్లల్ని తీసుకుని అందరం ఏదో ఒక ప్రోగ్రామ్‌కి పోదాం. నీ సరదా తీరుతుంది, వాళ్ళకీ నాలుగు కళలు తెలుస్తాయి" అన్నాడు. సరదా అన్నాడు. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది కానీ, దొరికిందే దక్కుదలని తలూపింది.

మొదటిసారే కొంప మునిగింది. వేణువు కచేరీకి వెళ్ళారు. హాలంతా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసి బుడ్డోడు గొంతెత్తాడు. "అమ్మా, ఆ తాత పైపులోంచి నీళ్ళెప్పుడొస్తాయి?"

నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ ముందు వరసలో వెనక్కి తిరిగి ఉరిమి చూసినవాడు కంటి డాక్టరు. కళ్ళజోళ్ళ షాపుకి సగం బేరాలు ఆయన చీటీల మీదే వస్తాయి. టార్చిలైటు పట్టుకున్న మనిషొకడు వచ్చి, "పిల్లల్ని కాసేపు బయట తిప్పండి" అన్నాడు. వరండాలోకి రాగానే మొగుడు ఒంటికాలి మీద లేచాడు.

"పరువు తీశావు. ఇంకొక్కసారి ఎవరైనా వెనక్కి తిరిగి మనవైపు చూశారా, ఈ కళలూ గిళలూ అన్నీ బంద్. పార్కుకి పోదాం, ఐస్‌క్రీమ్ తిందాం, ఇంటికొద్దాం. దానికి ఎవరూ టార్చి వెయ్యరు."

ఆ సాయంత్రం ఆవిడ బాత్‌రూములో బట్టలు జాడిస్తూ ఏడ్చింది. చిట్టి తలుపు సందులోంచి చూసి, "ఎందుకేడుస్తున్నావమ్మా?" అని అడిగింది. సబ్బు కళ్ళలో పడిందని చెప్పొచ్చు. తల్లులందరూ చెప్పే అబద్ధమే అది. ఆవిడ చెప్పలేదు. "మీరు హాల్లో మాట్లాడారు కదా, అందుకే పంపించేశారు. ఇంకోసారి మాట్లాడితే అమ్మని ఇంక ఎప్పటికీ రానివ్వరు" అంది. పిల్లకి అర్థమవ్వాలనే అంది. అనకుండా ఉండాల్సింది. కానీ మందు పనిచేసింది, మర్నాటి నుంచే పనిచేసింది. పనిచేసే మందుని ఎవరు మానేస్తారు? ఆ శనివారమే కుర్చీలు గోడవైపు తిరిగాయి.

ఆ తర్వాత ఆ కుటుంబానికి హాళ్ళలో మంచి పేరొచ్చింది. నాట్యం చూశారు, తోలుబొమ్మలు చూశారు, టోపీలోంచి పావురాలు తీసే మనిషిని చూశారు. పిల్లలిద్దరూ కిక్కురుమనలేదు. పక్కసీటులో ఒకావిడ, "మీ పిల్లలా, బొమ్మలా అండీ? మావాళ్ళని కూర్చోబెట్టడానికి తల ప్రాణం తోకకొస్తుంది" అంది. తల్లి పొంగిపోయింది. మొగుడు కూడా తనే పెంచినట్టు గడ్డం పైకెత్తాడు.

ఒక్కటే తేడా. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ అడిగేది, "ఏం నచ్చింది చిట్టీ?" అని. చిట్టి ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. "ఎవరూ వెనక్కి తిరగలేదమ్మా." పావురాలు ఎగిరినప్పుడు కూడా ఆ పిల్ల ముందు వరస తలకాయలకే కాపలా కాసింది. తల్లి ఆ జవాబు విని పిల్ల తల నిమిరేది. చెవులుండీ వినలేదు, అంతే.

ఇంతకీ ఆవిడకి కావలసింది ఏమిటంటే, చిట్టి స్టేజీ ఎక్కాలి. తను దిగిపోయిన మెట్ల మీంచే ఎక్కాలి. పైకి అనుకునేది అంతవరకే. లోపల ఇంకొకటి ఉంది. పిల్లని వేలుపట్టి నడిపించే తల్లి కూడా తెర వెనక నిలబడాలిగా. అలా నిలబడితే ఎవరో ఒకరు, "అరె, నక్కా, నువ్విక్కడేనా?" అనకపోతారా! ఈ ముక్క ఆవిడ తనతో తను కూడా పెద్దగా అనుకునేది కాదు.

అలాంటి రోజుల్లో మాస్టారు మళ్ళీ మేక నాటకం వేస్తున్నాడని తెలిసింది, అదీ ఆదివారం పొద్దున, పాత హాల్లోనే. ఆవిడకి కాలు నిలవలేదు. ఎందుకంటే ఆ నాటకం గుట్టు ఆవిడకి తెలుసు. నక్క గంట దొంగిలించడానికి అడుగులో అడుగేసుకుంటూ వస్తుంది, మేక అటు తిరిగి పాట పాడుకుంటూ ఉంటుంది, అప్పుడు హాల్లో పిల్లలందరూ "వెనక చూడు! వెనక చూడు!" అని గొంతు చించుకుని అరవాలి. పిల్లలు అరవకపోతే ఆ నాటకం లేదు. గంట పోయాక నక్క ఎడమవైపు మెట్లు దిగి జనంలోకి వచ్చి ఒక్క పిల్లనో పిల్లాణ్ణో చెయ్యి పట్టి స్టేజీ మీదికి లాక్కెళ్తుంది. ఆ సమయానికి మాస్టారు పక్క తెర చాటున నిలబడి చూస్తూ ఉంటాడు. ఆ పిల్లల్లో నచ్చినవాళ్ళనే ఆయన తన క్లాసులోకి తీసుకుంటాడు, సిఫార్సులతో వచ్చినవాళ్ళని కాదు. ఈ సంగతి బయటివాళ్ళకి తెలీదు. ఆవిడ ఎడమవైపు మెట్ల పక్కనే, నడిచే దారిని ఆనుకుని ఉన్న సీట్లకి టిక్కెట్లు కొనిపించింది.

బస్సులో ఆవిడ చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇవాళ అరవచ్చు చిట్టీ. ఇది వేరే నాటకం. నక్క రాగానే ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది. బుడ్డోడా, నువ్వు కూడా."

"నిజంగానా?" అన్నాడు బుడ్డోడు.

చిట్టి తమ్ముడి తొడ గిల్లింది. తర్వాత తల్లివైపు చూసి, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ఓ చిన్న నవ్వు నవ్వింది. నీ ఎత్తు మాకు తెలియదనుకున్నావా అన్నట్టుంది ఆ నవ్వు. ఆ నవ్వు చూసి తల్లి పిల్ల గడ్డం పట్టుకుంది. "ప్రాక్టీసు కాదే, ఒట్టు" అంది. చిట్టి నోటికి తాళం వేసుకుని తాళంచెవి కిటికీలోంచి బయటికి విసిరేసినట్టు అభినయించింది. మొగుడు ఫోన్‌లోంచి తలెత్తి, "చూడు, అన్నీ నీ పోలికలే" అని మురిసిపోయాడు.

హాలు నిండా పిల్లలు, గోల, చిరుతిళ్ళ ప్యాకెట్ల చప్పుడు. దీపాలు ఆరాయి. మేక వచ్చింది, పాడింది, గంట మోగించింది. తర్వాత నక్క వచ్చింది.

చెప్పడానికి సిగ్గయినా చెప్పాలి, ఆ తర్వాత కాసేపు ఆవిడ తన పిల్లల్ని చూడలేదు. నక్కనే చూసింది. కొత్త నక్క సన్నగా, చురుగ్గా ఉంది. రెండు గెంతులు గెంతి ఎడంచెవి గోక్కుంది. ఆ చెవి గోక్కోడం ఆవిడదే! ఒకప్పుడు స్టేజీ మీద తోక ఊడి పడిపోతే, జనం కళ్ళు చెవివైపు మళ్ళించి, కాలితో తోకని తెర చాటుకి తన్నడానికి ఆవిడ అప్పటికప్పుడు పుట్టించిన ఎత్తు. ఈ పిల్లకి తోక ఊడలేదు, ఏమీ ఊడలేదు, అయినా చక్కగా గోక్కుంటోంది. మాస్టారు నేర్పి ఉంటాడు. ఎవరిదని చెప్పి ఉండడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. నడక బాగోలేదు, నడుం వంగలేదు, నవ్వులో దొంగతనం లేదు అని ఒక్కొక్కటే తప్పు పట్టుకుంటూ కూర్చుంది. తప్పులు దొరుకుతున్న కొద్దీ ఏడుపు వస్తోంది కానీ తృప్తి రావడంలేదు.

"వెనక చూడు! వెనక చూడు!"

హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు. సీట్లు ఎక్కి అరిచారు. ఆవిడ ఉలిక్కిపడి పక్కకి తిరిగింది. చిట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పెదాలు లోపలికి మడిచి పళ్ళతో నొక్కిపట్టింది. నక్క గంట మీద చెయ్యి వెయ్యబోతుంటే ఆ పిల్ల కళ్ళు ఇంతింతై ఉన్నాయి, నీళ్ళు నిండి ఉన్నాయి. మేకని కాపాడాలని ఆ ఒళ్ళంతా అల్లాడిపోతోంది. బుడ్డోడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాడు.

"అరవండర్రా! అందరూ అరుస్తున్నారు చూడు. అరవవే చిట్టీ!" అని ఆవిడ చెవిలో బతిమాలింది.

చిట్టి తల అడ్డంగా ఊపింది. ఇంత పెద్ద పరీక్ష అమ్మ ఇంతవరకూ పెట్టలేదు. ఊరంతా కలిసి పెడుతున్నారు. అయినా సరే, చిట్టి ఓడిపోదు.

గంట పోయింది. మేక గొల్లుమంది. నక్క గంట పట్టుకుని ఎడమవైపు మెట్లు దిగింది. పిల్లలందరూ చేతులు చాచి, "నేను! నేను!" అని మీదపడుతున్నారు. నక్క వాళ్ళని దాటుకుంటూ వచ్చి చిట్టి దగ్గర ఆగింది. అంత గోలలో కదలకుండా కూర్చున్న పిల్ల ఒక్కతే కదా, ఏ నటి అయినా అక్కడే ఆగుతుంది. ఆవిడైనా అక్కడే ఆగేది.

"రా బంగారం" అని నక్క చెయ్యి చాచింది. చిట్టి తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ తలూపింది. చిట్టి రానన్నట్టు తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆవిడే పిల్ల రెండు చంకల కింద చేతులు వేసి లేపి నక్క చేతికిచ్చింది. కోరుకున్నది కాళ్ళ దగ్గరికొస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

స్టేజీ మీద వెలుతురులో చిట్టి అగ్గిపెట్టెంత కనిపించింది. నక్క మోకాళ్ళ మీద కూర్చుని మైకు పిల్ల ముందు పెట్టింది.

"నీ పేరేంటి?"

చిట్టి పెదాలు ఇంకా లోపలికి మడిచింది.

"పేరు ఇంట్లో మర్చిపోయి వచ్చిందండీ పాప!" జనం నవ్వారు. "సరే, ఒక్క మాట చెప్పు. నేను గంట కొట్టేస్తుంటే హాలంతా అరిచింది. నువ్వొక్కదానివే అరవలేదు. ఏం, నువ్వు నా జట్టా?"

చిట్టి కాదన్నట్టు తలూపింది.

"మరి ఎందుకరవలేదు?"

చిట్టి వేలు పెదాల మీద పెట్టుకుని "ష్!" అంది. మైకులోంచి ఆ చప్పుడు హాలు చివరిదాకా పోయింది. నక్క కూడా భయపడ్డట్టు నటించి, ఒంగి, "ఎందుకూ?" అని గుసగుసగా అడిగింది. చిట్టి కూడా గుసగుసగానే చెప్పింది, మైకు సంగతి పాపం దానికేం తెలుసు!

"మాట్లాడకూడదు. మాట్లాడితే మా అమ్మని ఇంక ఎప్పటికీ రానివ్వరు. మా అమ్మ బాత్‌రూములో ఏడుస్తుంది."

హాలంతా నవ్వు విరుచుకుపడింది. పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వారు కాబట్టి పిల్లలూ నవ్వారు. చిట్టికి ముఖం పాలిపోయింది. ఇంతమంది ఇంత చప్పుడు చేస్తున్నారు, టార్చిలైటు మనిషి వచ్చేస్తాడు! ఆ పిల్ల రెండు చేతులూ జనం వైపు చాచి, ఏడుపు గొంతుతో అరిచింది. ఆ రోజు హాల్లో అది అరిచిన అరుపు అదొక్కటే.

"నవ్వకండి! ప్లీజ్, నవ్వకండి! పంపించేస్తారు!"

దాంతో నవ్వు రెట్టింపయింది. మేక కూడా ముందుకొచ్చి, "ఎవర్రా అక్కడ నవ్వింది? పాప వాళ్ళమ్మ ఏడుస్తుందట!" అని అందుకుంది. జనం చప్పట్లు కొడుతూ ఆ అమ్మ ఎవరా అని వెతకడం మొదలెట్టారు. ముందు వరసల్లోని తలకాయలన్నీ వెనక్కి తిరిగాయి. మొగుడు నవ్వి నవ్వి కారిన కళ్ళు తుడుచుకుంటూ, "ఈవిడేనండీ, ఈవిడే" అని బొటనవేలుతో చూపించాడు. ఆయన పరువేమీ పోలేదు. పైగా పెరిగింది. ఆవిడకి మాత్రం నేల చీలితే లోపలికి పోదామనిపించింది. పది ఇళ్ళవాళ్ళ ఎదుట తన ఇంటి బాత్‌రూము తలుపు ఎవరో బార్లా తెరిచినట్టుంది. నవ్వలేదు, ఏడవలేదు. ఏడిస్తే పిల్ల చూస్తుంది.

దీపాలు వెలిగాక తెలిసింది, బుడ్డోడు లాగు తడిపేసుకుని, ఆ తడిలోనే బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. "ఎప్పుడొచ్చిందిరా? చెప్పొచ్చు కదా?" అని అడిగితే వాడు నోటికి అడ్డం పెట్టుకున్న అరచెయ్యి ఇంకా తియ్యలేదు. మొగుడు వాణ్ణి ఎత్తుకుని కడగడానికి వెళ్తూ, "ఇవాళ్టి షో అంతా మన చిట్టిదే. మీ మాస్టారు కబురు పెట్టాడు, చిట్టి కూడా అక్కడే ఉందట, లోపలికెళ్ళి కలిసిరా" అన్నాడు.

ఎన్నేళ్ళయిందో ఆ గదిలో అడుగుపెట్టి. అదే పౌడరు వాసన, చెమట వాసన, మేక కొమ్ములకి రాసే జిగురు వాసన. మాస్టారు దుస్తుల పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కనే కొత్త నక్క అద్దం ముందు రంగు తుడుచుకుంటోంది. చిట్టి ఓ స్టూలు మీద, వరసలో ఇంకో మూడు కుర్చీలున్నట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమ్మా నక్కా! పిల్ల నీదేనట కదా. నేననుకుంటూనే ఉన్నాను, ఆ ఒడుపు ఎక్కడిదా అని." మాస్టారు ఆవిడ ఎలా ఉందో అడగలేదు. "విను. ఇరవయ్యేళ్ళుగా ఈ నాటకం వేస్తున్నాను, ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ప్రతి ఆదివారం పిల్లని అదే సీట్లో కూర్చోబెట్టు. ఈ అమ్మాయి దిగొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. అదే మాట, ఆ బాత్‌రూము మాట, తర్వాత ఆ 'నవ్వకండి ప్లీజ్'. అబ్బబ్బ, రాద్దామంటే రాదమ్మా అది!"

"నన్ను కూడా చంపేసింది అక్కా మీ పాప. నవ్వాపుకోలేక చచ్చాను" అంది కొత్త నక్క, అద్దంలోంచే.

ఆవిడ చిట్టి వైపు చూసింది. "అది నాటకం కాదు మాస్టారూ. అది నిజంగానే భయపడింది."

"అందుకే బాగుంది" అన్నాడు మాస్టారు.

ఆవిడ పిల్లని తీసుకుని వెళ్ళిపోవాల్సిన చోటు అదే. ఆ సంగతి ఆవిడకి తెలుసు. చెయ్యి చిట్టి భుజం మీద వేసింది కూడా. అప్పుడు మాస్టారు టీ ఒక గుక్క తాగి, అద్దం వైపు గడ్డంతో చూపించాడు. "ఈవిడగారికి పెళ్ళి కుదిరింది. వచ్చే నెల నుంచి రాదు. పిల్లతో పాటు నువ్వు ఎలాగూ తెర పక్కన ఉంటావు. నక్క వేషం ఎవరో ఒకరు వెయ్యాలి కదా. చూద్దాం."

మళ్ళీ అదే "చూద్దాం". దాని విలువెంతో ఆవిడకంటే తెలిసినవాళ్ళు లేరు. అయినా భుజం మీది చెయ్యి పిల్లని లేపలేదు. అక్కడే ఉండిపోయింది.

"ఏదీ, ఒక్కసారి అనమను, విందాం" అన్నాడు మాస్టారు.

"చిట్టీ, ఇందాక స్టేజీ మీద ఏమన్నావో మాస్టారికి చెప్పు" అంది ఆవిడ.

చిట్టి పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. "మాట్లాడకూడదు. మాట్లాడితే మా అమ్మని ఇంక ఎప్పటికీ రానివ్వరు. మా అమ్మ బాత్‌రూములో ఏడుస్తుంది. నవ్వకండి ప్లీజ్."

"అబ్బే!" మాస్టారు ముఖం చిట్లించాడు. "భయం పోయింది. భయం ఉంటేనే నవ్వు. అది లేకపోతే ఏముంది, ఊరికే చంటిపిల్ల మాట. ఊఁ, ఇంట్లో ఏమైనా తయారు చేస్తావేమో, చూద్దాంలే." ఆయన చూపు అప్పుడే టీ గ్లాసులోకి పోయింది. ఆ చూపు అలా తప్పుకోవడం ఆవిడ ఇంతకుముందు ఒకసారి చూసింది, బెల్టు నడుముకి పట్టని రోజున.

ఆవిడ చిట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్దింది. "ఇందాకటిలా అనాలమ్మా. ఇందాక ఎలా భయపడ్డావు, అలా."

"ఇప్పుడు భయం వెయ్యట్లేదమ్మా" అంది చిట్టి. "అందరూ నవ్వారు, అయినా ఎవరూ పంపించలేదు కదా." ఆ మాట అంటున్నప్పుడు పిల్ల ముఖం విప్పారింది. ఇన్నాళ్ళుగా హాళ్ళు తిరిగి ఆ పిల్ల మొట్టమొదటిసారి నేర్చుకున్న సంగతి అది. దాన్ని అమ్మకి చెబుదామని అప్పట్నుంచీ స్టూలు మీద కాచుకుని కూర్చున్నట్టుంది. తర్వాత అమ్మ ముఖం చూసి కాస్త తగ్గింది. "సరిగ్గా అనకపోతే నువ్వు ఏడుస్తావా?"

లేదు అంటే సరిపోయేది. రెండక్షరాల మాట. లేదు తల్లీ, పద ఇంటికి పోదాం, నాన్నా తమ్ముడూ ఎదురుచూస్తున్నారు అంటే ఆ పూటకి అన్నీ తీరిపోయేవి. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాల మాస్టారు గ్లాసు కింద పెట్టి లేవబోతున్న చప్పుడు వినిపించింది.

"ఏడుస్తాను" అంది ఆవిడ.

చిట్టి కళ్ళలో వెలుగు ఆరిపోవడం ఆవిడకి దగ్గర్నుంచి కనిపించింది. అరచెయ్యంత దూరం నుంచి కనిపించింది. పిల్ల మాస్టారి వైపు తిరిగింది. పెదాల మీద వేలు పెట్టుకుంది. గొంతు వణికింది, చివరి మాటకి వచ్చేసరికి నిజంగానే వెక్కిళ్ళు వచ్చాయి.

మాస్టారు తొడ చరిచి పకపకా నవ్వాడు. కొత్త నక్క సగం తుడిచిన రంగుతో వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది. చిట్టి చాలా బాగా చేసింది. అన్నేళ్ళు స్టేజీ మీద గెంతి ఆవిడ ఒక్కసారి కూడా అంత బాగా చెయ్యలేదు. చిట్టి వాళ్ళిద్దరినీ పట్టించుకోలేదు. తల్లి కళ్ళలోకి మార్చి మార్చి చూస్తూ, తడి ఏమైనా వస్తోందేమోనని వెతుకుతోంది.